పొట్టి చేతుల స్వెటర్లు

మా ఇంట్లో అందరి చేతులూ మామూలు కంటే పొడుగని చాలా ఏళ్ళు నమ్మాం. అమ్మ అల్లిన స్వెటర్ ఎవరు వేసుకున్నా మణికట్టు దగ్గర మూడు వేళ్ళ మేర బయటే ఉండేది. నాన్న బస్సు నడిపే రోజుల్లో స్టీరింగు పట్టుకుంటే అది నాలుగు వేళ్ళయ్యేది. "మన వంశంలో చేతులు పొడుగు. అందుకే నన్ను డ్రైవర్‌గా తీసుకున్నారు, కూర్చున్నచోటి నుంచే అన్నీ అందుతాయని" అనేవాడు. మరి కొన్న చొక్కాలు సరిపోతున్నాయి కదా అని నేనొకసారి అడిగాను. "అది దర్జీ తెలివి" అన్నాడు.

అమ్మ దగ్గర కొలత టేపు ఉండేది కాదు. స్వెటర్ చేతికి ఆమె కొలత ప్రార్థన పుస్తకం. వాళ్ళమ్మ నేర్పిన పద్ధతి అది. ఒక చరణం వింటే ఒక వరస అల్లాలి. పేజీకి పద్నాలుగు చరణాలు, సాయంత్రానికి ఒక పేజీ. పుస్తకం పూర్తయ్యేసరికి ఒక చెయ్యి పూర్తవుతుంది. పిల్లలకైతే సన్న సూదులు, సన్న ఊలు. పెద్దవాళ్ళకైతే లావు సూదులు, లావు ఊలు. వరసల లెక్క మాత్రం అదే. అల్లినంతసేపూ దేవుడి మాట చెవిన పడుతుంది కాబట్టి ఆ స్వెటర్ తొడుక్కున్నవాళ్ళ పని చెడదని ఆమె నమ్మకం. అల్లిక ఆమెకు సరదా, భక్తి కూడా. ఒకటి ఎక్కడ ఆగి రెండోది ఎక్కడ మొదలవుతుందో ఆమెనడిగినా చెప్పలేదు.

అమ్మమ్మకు ఆ ప్రార్థన అంతా నోటికి వచ్చు, మనసులోనే అనుకుంటూ అల్లేది. అమ్మకు రాదు, చదవడమూ రాదు. నాన్న బస్సు బోర్డుల వరకు చదవగలడు. నాకు తొమ్మిదేళ్ళప్పుడు అమ్మమ్మ పోయింది, పుస్తకమూ అల్లే పనీ అమ్మకు మిగిలాయి. ఇంట్లో బడికి వెళ్ళేదాన్ని నేనొక్కదాన్నే కాబట్టి ఆ పని నా మీద పడింది. నేను చరణం కింద వేలు పెట్టి చదివేదాన్ని. అమ్మ వరస అల్లేది. అయ్యాక తల ఊపేది. అప్పుడు వేలు కిందికి జరిపేదాన్ని. మొదటి రోజు నాన్న గుమ్మం దగ్గర నిలబడి విని, "మనింటికి పంతులమ్మ వచ్చిందే" అన్నాడు. ఆ పేరే ఉండిపోయింది. తర్వాత అమ్మ వైపూ నాన్న వైపూ చుట్టాలందరిలో డిగ్రీ పూర్తి చేసిన మొదటి మనిషినయ్యాను. ఆ పట్టా చేతికి వచ్చినప్పటి సంతోషం నిజమే. కానీ సూదులు ఆపి, తర్వాతి మాట కోసం అమ్మ నా నోటి వైపు చూసే చూపు ముందు అది చిన్నదే.

ఏడు సాయంత్రాలకు పుస్తకం పూర్తయ్యేది. ఆదివారం మొదలుపెడితే శనివారానికి ఒక చెయ్యి. వారానికి అంత చక్కగా సరిపోయే ప్రార్థనను ఎవరు మాత్రం అనుమానిస్తారు.

ఉద్యోగం వచ్చాక, పెళ్ళయ్యాక కూడా ఇది ఆగలేదు. నా ఇల్లు అమ్మావాళ్ళ ఇంటికి రెండు వీధుల అవతల. ఆఫీసు నుంచి నేరుగా అక్కడికి వెళ్ళి, అరగంట చదివి, టీ తాగి మా ఇంటికి వెళ్ళేదాన్ని. నేను పనిచేసేది పాత రికార్డుల ఆఫీసులో. పాత రిజిస్టర్లకు ఇప్పుడు ఫొటోలు తీసి కంప్యూటర్లో పెడుతున్నారు. రిజిస్టర్లో ఎన్ని పేజీలున్నాయో అన్ని ఫొటోలూ వచ్చాయా లేదా అని ఒక్కొక్కటే పోల్చి, చివర 'పేజీలు సరిపోయాయి' అని ముద్ర వేసి సంతకం పెట్టడం నా పని. "ఈ అమ్మాయి చూసిందంటే మళ్ళీ చూడక్కర్లేదు" అని మా సెక్షన్ పెద్దాయన పై వాళ్ళకు చెబుతాడు.

ఇక తమ్ముడు. వాడు ఆరో తరగతితో బడి మానేశాడు. చిన్నప్పటి నుంచి జేబునిండా మరలే ఉండేవి కాబట్టి మేం వాణ్ణి స్క్రూ అంటాం. ఇప్పుడు తలుపంత వెడల్పున్న కొట్టులో ఫోన్లు బాగుచేస్తాడు. వాడి మీద నాకు ఎప్పుడూ అసూయ కలగలేదు. కలిగే అవసరం రాలేదు అనాలి నిజానికి.

మొన్న చలి మొదలైనప్పుడు అమ్మ నా కోసం ముదురు నీలం స్వెటర్ మొదలుపెట్టింది. ఎప్పటిలాగే ముందు చేతులు. ఆ వారం ఆఫీసులో పని ఎక్కువై రెండుసార్లు ఆలస్యంగా వెళ్ళాను. ఒకరోజు చదువుతూ ఆవలించాను. ఇంకోరోజు అమ్మ వరస మధ్యలో ముడి జారిపోయి వెతుక్కుంటుంటే గోడ గడియారం వైపు చూశాను. చూసిన సంగతి నాకు గుర్తులేదు. తమ్ముడికి గుర్తుంది. ఒక చెయ్యి పూర్తయిన మర్నాడే వాడు ఒక పెట్టె పట్టుకొచ్చాడు.

తెర పగిలిన పాత ఫోను ఒకటి, బిస్కెట్ల డబ్బాలో బిగించిన స్పీకరు ఒకటి, దానికి తీగతో పాత కుట్టుమిషను పెడలు. పుస్తకంలో పేజీలన్నీ ఫొటో తీసుకున్నాడట. పెడలు ఒకసారి నొక్కితే ఒక ఆడగొంతు ఒక చరణం చదివి ఆగుతుంది. మళ్ళీ నొక్కేదాకా నోరెత్తదు.

"అక్కకీ కాస్త ఊపిరాడుతుంది. పాపం ఆఫీసు నుంచి పరిగెత్తుకొస్తోంది" అన్నాడు.

అమ్మ పెడలు నొక్కింది. చరణం వచ్చింది. వరస అల్లింది. మధ్యలో కావాలని ఆగి, ఊలు ఉండ సర్దుకుని, ముక్కు తుడుచుకుని, కిటికీలోంచి ఎవరో వెళ్తుంటే చూసి, తీరిగ్గా మళ్ళీ నొక్కింది. తర్వాతి చరణం అదే గొంతుతో వచ్చింది.

"ఇది విసుక్కోదే" అంది.

నాన్న కుర్చీలోంచి, "కొత్త కోడలు. ఎదురు మాట్లాడదు, టీ అడగదు. పెళ్ళి చేసుకోరా అంటే మనవాడు ఇలా ఏర్పాటు చేశాడు" అన్నాడు. ముగ్గురూ నవ్వారు. నేనూ నవ్వాను. పుస్తకం నా సంచిలోనే ఉంది. తీసి బల్ల మీద పెట్టేశాను. ఎవరూ చూడలేదు.

గుమ్మం దాటుతుంటే అమ్మ వెనకనుంచి, "అమ్మాయ్, ఈ నీలం స్వెటర్ వాడికిచ్చేస్తాలే. ఇంత కష్టపడి చేసుకొచ్చాడు కదా. నీకు తర్వాత అల్లుతా" అంది.

మర్నాటి నుంచి ఆఫీసు కాగానే ఇంటికి వెళ్ళడం మొదలుపెట్టాను. మావారు రెండు రోజులు చూసి, "ఒంట్లో బాగాలేదా" అని అడిగారు. బాగానే ఉందన్నాను. బాగాలేదు. ఒక బిస్కెట్ల డబ్బా మీద మనిషికి కడుపుమంట వస్తుందా అంటే వస్తుంది, నాకు వచ్చింది. కరెంటు పోవాలని కోరుకున్నాను. పెడలు తీగను ఎలుక కొరకాలని కోరుకున్నాను. దేవుడి మాటలు చదివే పెట్టె పాడవ్వాలని ఆ దేవుణ్ణే అడిగాను.

మూడో రోజు ఉండబట్టలేక వెళ్ళాను. లోపలికి పోకుండా మెట్ల మీదే నిలబడి, ఆఫీసు కాగితం వెనక ఆ గొంతు చేసిన తప్పులు రాసుకున్నాను. రెండు మాటలు కలిపేసింది. ఒకచోట చరణం పక్కన ఉన్న అంకెను కూడా చదివేసింది. దేవుణ్ణి వేడుకునేచోట బస్టాండులో ప్రకటన చేసినట్టు చదివింది. మూడు తప్పులు. లోపలికి వెళ్ళి అమ్మకు చెప్పాను.

"పోనీలేవే" అంది అమ్మ, సూదులు ఆపకుండానే. "నీకు జలుబు చేసినప్పుడు చదివిందానికంటే నయమే."

ఆ తర్వాత ఇక వెళ్ళలేదు.

తొమ్మిదో రోజు తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, ఒకసారి రా. అమ్మ కోర్టు పెట్టింది."

వెళ్ళేసరికి మంచం మీద రెండు నీలం చేతులు పక్కపక్కన పరిచి ఉన్నాయి. ఒకటి నేను చదివినప్పటిది. రెండోది పెట్టె చదివినప్పటిది, ఇంకా సూది మీదే ఉంది. రెండోది మూడు వేళ్ళు పొడుగు. తమ్ముడు పెట్టెను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు, బడి మానేసిన రోజు కూర్చున్నట్టు.

"చూడు పంతులమ్మా" అన్నాడు నాన్న. "నీ కొత్త మరదలు ఎక్కువ వాగిందట."

"వాగకపోతే ఎనిమిది సాయంత్రాలు ఎందుకు పడుతుంది" అంది అమ్మ. "నాలుగో రోజు దాకా బాగానే చదివింది. ఐదో రోజు ఏదో రోగాల జాబితా మొదలెట్టింది. ఆ వాతం, ఈ నొప్పి అని. నేను పుట్టి బుద్ధెరిగాక వినలేదు. మందుల కొట్టు కాగితమేదో వీడు పుస్తకంతో కలిపి ఫొటో తీసుంటాడు. వాడి మనసు కష్టపెట్టడం ఎందుకని ఊరుకున్నా. ఇప్పుడు చెయ్యే చెబుతోంది."

ముందు నాకు వచ్చింది కోపం. నేను ఒక్క మాట తడబడితే అక్కడే ఆపి మళ్ళీ చదివించే మనిషి, వాడి పెట్టె పద్నాలుగు చరణాలు తప్పు చదివిందనుకుని కూడా, వాడి మనసు కోసం ఊరుకుంది. ఆ కోపం పూర్తి కాకముందే ఐదో రోజు అన్న మాట లోపలికి దిగింది.

"నువ్వే చూడక్కా" అని తమ్ముడు పుస్తకం ఇచ్చాడు. "రోజూ ఆఫీసులో చేసే పనే కదా. నువ్వు తప్పంటే ఆ పేజీ తీసేస్తాను."

తెరిచాను. నాలుగో పేజీలో ప్రతి చరణం కింద బూడిదరంగు చార ఉంది. ఇరవై ఐదేళ్ళు నా వేలు నడిచిన చార. ఆరో పేజీలోనూ ఉంది. ఐదో పేజీ కొన్నరోజు ఉన్నంత తెల్లగా ఉంది.

తొమ్మిదేళ్ళప్పుడు, ఐదో సాయంత్రం, ఆ పేజీ మొదటి చరణంలో శ్వాసకృచ్ఛ్రము అనే మాట దగ్గర నా నోరు ఆగిపోయింది. దాని కింద సంధివాతము, దృష్టిమాంద్యము. ఎదురుగా అమ్మ సూదులు పట్టుకుని చూస్తోంది. గుమ్మంలో నాన్న పంతులమ్మ చదవబోయేది వినడానికి నిలబడి ఉన్నాడు. రాదని చెప్పలేకపోయాను. పేజీ తిప్పేశాను. పైవారం చదువుదామనుకున్నాను. పైవారానికి అమ్మకు ఏడు రోజుల లెక్క అలవాటైపోయింది. తర్వాత పదో తరగతి, డిగ్రీ, ఉద్యోగం. ఆ మాటలన్నీ చదవడం వచ్చింది, కానీ వేలు మాత్రం నాలుగు నుంచి ఆరుకే వెళ్ళేది. కొన్నేళ్ళకు నాకే గుర్తులేదు.

"ఏమంటావ్" అంది అమ్మ.

పేజీ మూలన ఐదు అనే అంకె ఉంది. దాని మీద బొటనవేలు పెట్టాను. నేను ఒక్క మాట అంటే చాలు, పెట్టె వెళ్ళిపోతుంది, సాయంత్రాలు నావి అవుతాయి. అన్నాను.

"ఇది ఈ ప్రార్థనలోది కాదులా ఉందమ్మా. పుస్తకం అచ్చు వేసేటప్పుడు వేరేది కలిసిపోయి ఉంటుంది."

"చెప్పానా" అంది అమ్మ.

తమ్ముడు ఒక్క మాట వాదించలేదు. "అక్క చూసిందంటే అంతే. నాకేం తెలుసు, ఉన్నవన్నీ ఫొటో తీశాను. ఎక్కడైనా తప్పుంటే నాదే" అన్నాడు. పెట్టె తీగ చుట్టడం మొదలుపెట్టాడు. మళ్ళీ ఏదో తోచి, మంచం మీద పొడుగు చెయ్యి అందుకుని, "విప్పేముందు ఒకసారి చూస్తానే" అని సూది గుచ్చుకోకుండా మెల్లగా చేతికి ఎక్కించుకున్నాడు. ఊలు వాడి మణికట్టు దాకా వచ్చి, సరిగ్గా ఎముక దగ్గర ఆగింది.

నాన్న కుర్చీలో ముందుకు వంగాడు. "అరె. వీడికి సరిపోయిందే. వీడి చెయ్యి ఎప్పుడు పొట్టిదైంది?"

"నీ పరాచికాలు చాలు" అంది అమ్మ. చెయ్యి వాడి దగ్గర లాక్కుని, సూది తీసేసి, పోగు చివర దొరకబుచ్చుకుంది. "అమ్మాయ్, చేతులు పట్టు."

ఊలు విప్పేటప్పుడు ఎదుటిమనిషి రెండు చేతులూ చాచి కూర్చుంటే, పోగు వాటికి చుట్టడం మా ఇంట్లో పద్ధతి. ఆమె ముందు చేతులు చాచి కూర్చున్నాను. అమ్మ లాగింది. ఒక వరస సర్రున విడిపోయి నా మణికట్లకు చుట్టుకుంది. రెండో వరస. నా ఒంటి మీదున్నదీ అమ్మ అల్లిన స్వెటరే. చాచిన చేతులకు అది వెనక్కి పోయి, మణికట్టు మీద నాలుగు వేళ్ళ మేర బోసిగా ఉంది. నీలం పోగు ఆ బోసిచోటే చుట్టుకుంటోంది. అవతల తమ్ముడు డబ్బా మూత బిగిస్తున్నాడు. తప్పు తనదేనని నమ్మేశాడు వాడు. బడిలో ఎవరేం చెప్పినా అలాగే నమ్మేవాడు.

మూడో వరసకు అమ్మ చెయ్యి పోగానే నేను వేళ్ళు ముడిచేశాను. పోగు బిగుసుకుంది.

"వదులు. తెగుతుంది."

"విప్పకమ్మా. ఆ చెయ్యి సరైనదే. పొట్టిదే తప్పు."

చేతులకు ఊలు చుట్టి ఉండగానే చెప్పాను. ఐదో సాయంత్రం, ఆ మాట, తిప్పేసిన పేజీ, ఇప్పుడు చెప్పిన అబద్ధం. పుస్తకం ఒళ్ళో ఉంటే తెరిచి, చారలున్న పేజీలూ, చార లేని పేజీనీ చూపించాను. అమ్మకు అక్షరం రాకపోయినా అది చదవడం వచ్చింది. తెల్లటి పేజీ మీద అరచేయి పెట్టి అటూ ఇటూ రాసింది, అల్లిక నున్నగా ఉందా లేదా చూసినట్టు.

నాన్న తన రెండు చేతులూ చాచి చూసుకున్నాడు. "అంటే నా చేతులు మామూలువే."

"మామూలువే నాన్నా."

"రిటైరయ్యాక తెలిసింది."

తమ్ముడు నవ్వాపుకోలేక డబ్బా మీదికి వంగాడు. అమ్మ నవ్వలేదు. "మా అమ్మ ఎనిమిది సాయంత్రాలు అనేది. ఆమెకు లెక్క రాదని నవ్వుకునేదాన్ని" అంది. నా వైపు చూసింది. తర్వాతి మాట కోసం చూసే చూపు కాదది. "నువ్వు చదువుకున్నదానివని ఎదురు అడగలేదు. రాదంటే నేనేమైనా కొట్టేదాన్నా?"

"లేదు."

"మరి?"

ఆమె నా చేతుల మీది ఊలు తీసి ఉండకు చుట్టేసింది. విప్పిన రెండు వరసలూ ఓపిగ్గా మళ్ళీ అల్లి పక్కన పెట్టింది. పొట్టి చేతి అంచు విప్పి, సూదికి ఎక్కించుకుంది. "చదువు" అంది.

తమ్ముడు పెట్టె వైపు చెయ్యి చాచాడు. అమ్మ కాలితో పెడలును మంచం కిందికి తోసింది. "అది కాదు. ఇది చదవాలి."

మొదటి చరణం కింద వేలు పెట్టాను. గొంతు తొమ్మిదేళ్ళ పిల్లదానిలా వచ్చింది. శ్వాసకృచ్ఛ్రము దగ్గర రెండుసార్లు తడబడ్డాను. పెట్టె ఆ మాటను ఎక్కడా ఆగకుండా చదివి ఉంటుంది, ఆ సమయంలో కూడా నాకు అదే తోచింది. అమ్మ వరస అల్లి తల ఊపింది. రెండో చరణం. సంధివాతమంటే కీళ్ళనొప్పులనీ, మోకాళ్ళు పట్టేసినవాళ్ళను కనికరించమని అడుగుతోందనీ చెప్పాను.

సూదులు ఆగాయి.

"మోకాళ్ళ సంగతి ఇందులో ఉందా?"

"ఉందమ్మా."

"ఇరవై ఐదేళ్ళుగా నూనెలు రాస్తున్నా, మాత్రలు మింగుతున్నా. అసలు అడగనే లేదన్నమాట నేను" అంది. "ఆ చరణం మళ్ళీ చదువు."

మూడుసార్లు చదివించుకుంది. వరస మాత్రం ఒకటే అల్లింది.

పద్నాలుగు వరసలూ అయ్యాక రెండు చేతులూ మళ్ళీ పక్కపక్కన పరిచింది. సమంగా ఉన్నాయి. నాకేదో క్షమాపణ దొరికిందనుకున్నాను. తమ్ముడు లేచి డబ్బా మూత మళ్ళీ తీయబోతుంటే, నేను అడక్కూడనిది అడిగాను. "ఇక రేపటి నుంచి నన్ను రమ్మంటావా అమ్మా?"

"రేపెందుకు? రేపు వీపు ముక్క మొదలు, మళ్ళీ మొదటి పేజీ. పెట్టె చదువుతుంది" అంది. "ఐదో రోజు రా. ఆ రోజు దానికి సెలవు. ఆ పేజీ నువ్వే చదవాలి, అన్నీ పలికి, నిదానంగా, గడియారం చూడకుండా. తప్పించిన పేజీ తప్పించినవాళ్ళే చదవాలి."

అప్పటి నుంచి అలాగే జరుగుతోంది. నీలం స్వెటర్ తమ్ముడిదే అయింది. కొట్టులో దాన్నే వేసుకుంటాడు, చేతులు కనిపించేలా కౌంటరు మీద పెట్టుకుని కూర్చుంటాడు. నాన్న తన పాత స్వెటర్లన్నిటికీ పద్నాలుగేసి వరసలు కలపమని అమ్మ వెంట పడుతున్నాడు. నాది ఇంకా మొదలుకాలేదు. అడగలేదు నేను.

మిగతా ఏడు సాయంత్రాలు ఆ గొంతువే. వాటి మీద నా అసూయ పోయిందని రాస్తే అది ఇంకో అబద్ధం అవుతుంది. రెండు వీధుల అవతల కూర్చుని, ఇప్పుడు ఏ చరణం దగ్గర ఉంటుందో లెక్కపెట్టుకుంటాను. ఐదో రోజు మాత్రం ఆఫీసులో ఎవరు ఏ రిజిస్టర్ తెచ్చినా రేపు చూస్తానని చెప్పి లేచి వచ్చేస్తాను. అమ్మ పెడలును మంచం కిందికి తోసి, సూదులు పట్టుకుని నా నోటి వైపు చూస్తుంది. మొన్న చూస్తే ఐదో పేజీలో మొదటి చరణం కింద సన్నగా బూడిదరంగు పడుతోంది. అది నా వేలిది.